కొంగ తెలుపు

"ఈ చొక్కా పసుప్పచ్చగా అయిపోయింది, చూడు," అన్నారాయన. రేపటి ఆరాధనకని నేను ఇస్త్రీ చేసి చిలక్కొయ్యకి తగిలించిన తెల్లచొక్కాని తెల్లవారకముందే ట్యూబులైటు కిందికి తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నారు.

"పాలలా ఉందండీ," అన్నాను టీ వడగడుతూ.

"నీలిమందు వేయడం మర్చిపోయుంటావు."

"మర్చిపోలేదు. ఇంకో చుక్క పడితే ఆకాశం తొడుక్కుని చర్చికొచ్చినట్టుంటారు."

"అన్నిటికీ ఒక మాట ఉంటుంది నీ దగ్గర."

"మాటలే ఉన్నాయి లెండి. అప్పడాల డబ్బా కూడా లేదుగా నా దగ్గర."

గాలి చొరబడని మంచి డబ్బా అది. మొన్న వేసవిలో నా అప్పడాలు బయటికి తీసి, తన పెద్ద లెన్సు అందులో పెట్టి, చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు చుట్టూ పేర్చి మూత బిగించారు. మన ఏలూరు గాలికి లెన్సు లోపల బూజు పట్టిందట, అందుకే ఫోటోలు మసకేస్తున్నాయట. అప్పడాలు స్టీలు డబ్బాలోకి వెళ్ళి, వర్షాకాలం రాగానే తడిగుడ్డల్లా మెత్తబడ్డాయి. పక్కగదిలోంచి అత్తయ్య, "పొద్దున్నే మొదలెట్టారా? ఆ చొక్కా సంగతి నాకు వదిలేసి పోండర్రా," అని దగ్గింది. ఆయన చొక్కాని మళ్ళీ కొయ్యకి తగిలించి, మరోసారి దాని వంక అనుమానంగా చూసి, కెమెరా సంచి భుజాన వేసుకున్నారు. ఇద్దరం కొల్లేటికి బయల్దేరాం.

ఇప్పుడు కొల్లేట్లో, దోనె ముందుకొనలో, ఎర్రచీర కట్టుకుని ఆయనకి వీపు పెట్టి నిలబడి ఉన్నాను. నా వెనక ఆయన, ఆయన వెనక గెడ పట్టుకుని దోనె నడిపే దుర్గాసాయి, అతని వెనక ఎక్కడో అప్పుడే పైకొస్తున్న సూర్యుడు. ముందంతా గుర్రపుడెక్క పచ్చటి తివాచీ పరిచినట్టుంది, దాని అవతల కిక్కిస గడ్డి, గడ్డి మొదట్లో తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి, నాలాగే ఎవరో కదలొద్దన్నట్టు ఉన్నాయి. "అమ్మగారూ, మీరు కదిలితే దోనె కదులుద్దండి, దోనె కదిలితే అయ్యగారి బొమ్మ చెడిపోద్దండి," అన్నాడు దుర్గాసాయి. "నాకు కొత్తా బాబూ," అన్నాను వెనక్కి తిరగకుండానే. వెనక్కి తిరగకపోవడమే నా పని. వెలుతురు రావాలి, ఆయనకి కావలసిన వెలుతురు, తేనె రంగు దాటి ఇంకా ఎండ కానిది, అది వచ్చి వెళ్ళిపోయేదాకా ఇలా గంటసేపు నిలబడాలి, చేతులు ఊరికే వదిలెయ్యాలి, మెడ కొంచెం కుడివైపు. ఎందుకు కుడివైపో ఇన్నేళ్ళలో అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవారే, కానీ చెప్పేలోపల వెలుతురు పోయేది.

మొదటిసారి నన్ను నిలబడమని అడిగినప్పుడు మాత్రం ఆయనే కారణం చెప్పారు. గూడెంలో యుద్ధకాలం నాటి పాడుబడ్డ రన్‌వే మీద, నేను బీఎస్సీ బాటనీ రెండో సంవత్సరం, పగుళ్ళలో మొలిచిన గడ్డిరకాలు ఏరి పాత పేపర్లలో పెట్టుకుంటున్నాను, స్నేహితురాళ్ళు సరోజ, ఇంకొకరు దూరంగా పకోడీలు తింటున్నారు. ఎవరో సన్నటి మనిషి మెడలో కెమెరాతో వచ్చి, "ఏమనుకోకండి, ఇంత పొడుగు రన్‌వేకి ఒక మనిషి కావాలండీ, లేకపోతే ఇది ఎంత పొడుగో చూసేవాళ్ళకి తెలియదు," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. దేని పొడుగైనా పక్కన మనిషి నిలబడితేనే తెలుస్తుందన్నమాట. "మొహం కనబడాలా?" అన్నాను. "అక్కర్లేదండీ, వీపు చాలు." సరోజ పకోడీ గొంతుకడ్డం పడేలా నవ్వింది. తర్వాత మా ఇంటికొచ్చి పిల్లనడిగినప్పుడు నాన్నగారు, "మా అమ్మాయి మొహం చూశావా బాబూ, వీపొక్కటే చూశావా?" అన్నారని ఇప్పటికీ మా వాళ్ళు చెప్పుకుంటారు. ఆ తర్వాత నా వీపు పాపికొండల్లో నిలబడింది, మంచు కురిసే ఒక బౌద్ధుల మఠం ముందు నిలబడింది, ఇసుకదిబ్బల మీద నిలబడింది, హోటళ్ళ గోడల మీద, కేలండర్లలో, విమానంలో సీటు వెనక పెట్టే పత్రికల్లో. "మా కోడలి వీపు తిరగని రాష్ట్రం లేదు," అంటుంది అత్తయ్య చర్చి మెట్ల మీద, కాస్త గర్వంగా, కాస్త ఎత్తిపొడుపుగా.

టకటకటకటక. అదిగో. ఒకప్పుడు ఆయన కెమెరా అలా మోగేది కాదు. 'టక్' అని ఒక్కసారి, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఆయన ఏదో ఒకదాని కోసం చూస్తున్నారని నా వీపుకి తెలిసేది, మళ్ళీ 'టక్'. గింజ నాటినట్టు. ఇప్పుడు వడగళ్ళు. ఒకటి కాకపోతే ఒకటైనా తగలకపోతుందా అన్నట్టు. ఎప్పటినుంచి ఇలా? శీతాకాలంలో కాదు. ఈస్టరుకి మా అమ్మాయి రూబీ ఫోటో తీసినప్పుడు? అప్పుడే అనుకుంటాను, "నాన్నా, నన్నేమైనా పెళ్ళికూతుర్ని చేస్తున్నావా, ఇన్ని తీస్తున్నావు?" అంది రూబీ. ఆ ఫోటోల్లో రూబీ చెవి జూకా స్పష్టంగా ఉంది, కళ్ళు మాత్రం మెత్తగా, నీళ్ళలోంచి చూసినట్టు. బూజు, అన్నారు. లెన్సు తీసుకుని విజయవాడ వెళ్ళారు. శుభ్రం చేసేవాడు లైటు పెట్టి అటూ ఇటూ తిప్పి, "నాకేం కనబడట్లేదు సార్," అన్నాడట. "వాడికేం తెలుసు," అన్నారీయన, వచ్చి అప్పడాల డబ్బా ఖాళీ చేశారు.

ఊళ్ళు తిరిగే ఉద్యోగం, అదృష్టవంతులండీ అంటారు అందరూ. ఆయన తిరిగొచ్చిన సంచి వాళ్ళు విప్పి చూడలేదు. రెండు రోజులు తడి బూట్లలోనే ఉండి ముడతలు పడ్డ పాదాలు, బస్టాండు బల్ల మీద పడుకున్న మెడనొప్పి, పొగమంచు తొలగుతుందేమోనని ఒకే కొండ ఎదురుగా కూర్చుని తిన్న బిస్కెట్ల పొడి జేబుల నిండా. ఏం తిన్నారండీ అక్కడ అంటే గుర్తుండదు. పడుకున్న గదికి కిటికీ ఏ దిక్కున ఉందో మాత్రం గుర్తుంటుంది. తూర్పు కిటికీ అయితే ఆ ఊరు మంచిది. అలాంటి మనిషికి ఇంటికి గంట దూరంలో ఉన్న కొల్లేరు ఎప్పుడూ వెళ్ళదగ్గ ఊరు కాలేదు. "అక్కడేముంది, చేపల చెరువులు," అనేవారు. నిజమే, వచ్చేటప్పుడు దారి పొడుగునా చెరువుల గట్లే. ఏది చెరువో ఏది సరస్సో చెప్పమని నేనడిగితే దుర్గాసాయి, "మనుషులు గీతలు గీసుకున్నారండి, నీళ్ళకి చదువు రాదు కదండి," అని నవ్వేశాడు. చివరికి బెంగళూరులో ఎవరో దేశంలోని సరస్సుల మీద పెద్ద పుస్తకం వేస్తూ, కొల్లేరు అధ్యాయం ఆయనకే ఇచ్చారు, తెల్లపక్షుల్ని తీయడంలో ఆయన పేరు ఉంది కాబట్టి. తెల్లరెక్కలో ఈకకీ ఈకకీ మధ్య నీడ కనపడేలా తీసేవారు ఒకప్పుడు. తెలుపు అన్నిటికన్నా కష్టం, ప్రసన్నా, కొంచెం ఎక్కువైతే సున్నం, తక్కువైతే మురికి, అనేవారు. నాకది బట్టలుతికేటప్పుడే తెలుసు.

పంపిన ఫోటోలు తిరిగొచ్చాయి. తెల్లకొంగలన్నీ నీలంగా ఉన్నాయని రాశారు వాళ్ళు, చాలా మర్యాదగా. ఇంకొకసారి పంపండి, ఈసారీ ఇలాగే ఉంటే అధ్యాయం మరొకరికి ఇవ్వక తప్పదని ఇంకా మర్యాదగా. ఇవాళ్టి గంట ఆ ఇంకొకసారి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, అందుకే చొక్కా మీద పోట్లాడుకున్నాం. ఆ ఫోటోలు నేనూ చూశాను కంప్యూటర్లో. నీలిమందు పాళ్ళు తప్పిన బక్కెట్లో ముంచి తీసినట్టున్నాయి కొంగలు. "ఎక్కువైందండీ నీలం," అన్నాను కూడా. "నీ కంటికి అలా ఉంది. నేను పసుప్పచ్చదనం తీసేశానంతే." "మిషన్లో అంకెలుంటాయిగా, తెలుపో కాదో చెప్పేవి?" "అంకెలు చూసి తెలుపు పెట్టేవాడు గుమాస్తా, ప్రసన్నా. నా కన్ను చెప్పిందే తెలుపు." అప్పుడు ఊరుకున్నాను. ఆయన పనిలో ఆయన మాటే చివరిమాట, నా వంటలో నా మాట ఎలాగో అలాగ. కానీ ఒక సంగతి నన్ను వదల్లేదు. ఏ పచ్చదనం తీశారు? అసలు ఫోటోలో పచ్చదనం ఎక్కడుంది? లేని పసుపుని ఒక మనిషి ఎలా తీస్తాడు? కూరలో వేయని ఉప్పు ఎక్కువైందంటే, లోపం కూరదా, నాలుకదా?

వెలుతురు వచ్చింది. గుర్రపుడెక్క ఆకుల అంచులన్నీ ఒక్కసారి నూనె రాసినట్టయ్యాయి. నా నీడ దోనె కొన దాటి, ఆకుల మీద పొడుగ్గా, కొంగల వైపు సాగింది. నా నీడంటే నాకు ఇష్టం, నా మొహం కన్నా ఎక్కువ చోట్ల అచ్చయిన మనిషి అది. సూర్యుణ్ణి వెనక పెట్టుకుని తీసేటప్పుడు ఆయన సరిగ్గా నా వెనకే కిందికి కూర్చుంటారు, తన నీడ నా నీడలో కలిసిపోయేలా. ఫోటో తీసేవాడి నీడ ఫోటోలో పడితే అది ఫోటో కాదు, పట్టుబడ్డ దొంగతనం, అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నీడ నా నీడ దాటి బయటికి రాలేదు. మరి ఇదేమిటి? నా నడుం పక్కనుంచి, ఆకుల మీద, ఒక తల. తలకి కెమెరా ముద్ద. ఆయనదే. ఇంత స్పష్టంగా బయట పడుతుంటే ఆయనకి కనబడట్లేదా?

కదలకుండా చూస్తున్నాను. మెడ కుడివైపే ఉంది, కళ్ళు మాత్రం నీడ మీద. ఆ తల వంపులో ఏదో తేడా ఉంది. తలుపు గొళ్ళెం ఎదుటివైపు బిగించినట్టు. రూబీ చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో ఎవరి బొమ్మ గీసినా కుడికంటి దగ్గర కెమెరా పెట్టేది, వాళ్ళ నాన్న ఎప్పుడూ అలాగే ఉంటారని. కుడివైపు. ఎప్పుడూ కుడికన్నే. ఎడమకన్ను మూసుకుంటే మూతి కూడా కొంచెం ఎడమకి లాగేది, అద్దంలో చూసుకుని నవ్వుకునేవారు. ఇప్పుడు నీడలో కెమెరా ముద్ద ఎడమవైపు ఉంది. నీడ కెమెరా దించింది. చెయ్యి పైకెత్తి కుడికంటిని వెనకచేత్తో రుద్దింది. కెమెరా కుడివైపు పెట్టింది, ఆగింది. దించింది. మళ్ళీ ఎడమవైపు. టకటకటకటక.

ఓహో.

నాకు వెంటనే మా వంటింటి గోడ గుర్తొచ్చింది, ఎందుకో మొదట తెలియలేదు. గోడ, గోడ ముందు అత్తయ్య, కంటికి నల్లద్దాలు. రూబీ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అత్తయ్యకి కంట్లో శుక్లం తీయించాం. కట్టు విప్పిన రోజు ఇంటికి తీసుకొస్తే, గుమ్మంలోనే ఆగిపోయి, "ఈ గోడలకి సున్నం ఎప్పుడేయించారే? ముసల్దాన్ని ఆస్పత్రిలో పడుకోబెట్టి ఇల్లు బాగుచేసుకున్నారా?" అంది. "నాలుగేళ్ళ కిందటి సున్నమే అత్తయ్యా." "అబద్ధాలాడకు! మొన్నటిదాకా ముగ్గిన అరటిపండులా ఉండేది." ఆ తర్వాత నన్ను పరీక్షగా చూసి, "నువ్వూ కాస్త తెల్లబడ్డావు. కళ్ళ కింద నలుపు మాత్రం ఇప్పుడే చూస్తున్నాను," అంది. ఎంత నవ్వుకున్నాం ఇంటిల్లిపాదీ. ఆయన కూడా నవ్వారు. నవ్వి మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను. గోడ మాత్రం ఇంతకాలం ఆ మాట దాచిపెట్టుకుంది.

అయితే చొక్కా పచ్చబడలేదు. కొంగలు పచ్చబడలేదు. లెన్సులో బూజు లేదు. బూజు పట్టిన లెన్సు డబ్బాలో దాచేది కాదు, ఆయన కంట్లోది. దారాలన్నీ ఒక్క సూదిలోకి ఎక్కినట్టు ఎక్కాయి, ఒక్క క్షణం చాలా సంతోషం వేసింది నాకు, కాలేజీలో పేరు తెలియని గడ్డికి పుస్తకంలో బొమ్మ దొరికినప్పటి సంతోషం. ఎడమకన్నుకి మార్చుకున్నారంటే ఆయనకి తెలుసు. ఎన్నాళ్ళుగా తెలుసు? కుడికన్ను అంటే ఆయనకి కన్ను కాదు, చెయ్యి, అన్నం, పేరు. తెలిసీ డబ్బా మీద, చొక్కా మీద, విజయవాడలో లెన్సు తుడిచేవాడి మీద వేశారు నేరం. నా నీలిమందు మీద కూడా. అందరి మీదా వేసి, ఒక్క దాని మీద మాత్రం వేయలేకపోయారు. భయపడ్డప్పుడు ఆయన పోట్లాడతారని నాకు తెలుసు, పెళ్ళయిన కొత్తలోనే తెలుసు, కానీ దేనికి భయపడుతున్నారో అది ఎప్పుడూ నీడలా వెనకే ఉండేది, ముందుకి రాలేదు.

వెలుతురు ఇంకెంతోసేపు ఉండదు. తిరగనా? తిరిగితే ఈ గంట పోతుంది. ఇవాళ్టి వెలుతురు మళ్ళీ రాదు, పుస్తకం వాళ్ళిచ్చిన గడువూ అంతే. తిరగకపోతే ఫోటోలన్నీ ఇంటికెళ్తాయి, ఈయన కూర్చుని వాటిని నీలంలో ముంచుతారు, బెంగళూరు నుంచి ఇంకా మర్యాదైన జవాబు వస్తుంది. ఒక కొంగ మెడ చాచి, ఇటు చూసింది. ఎంత తెల్లగా ఉంది అది. సున్నం కాదు, పాలు కాదు, మల్లెపువ్వు అంతకన్నా కాదు. దాన్ని దేంతోనూ పోల్చకుండా చూడాలి, అంత తెలుపు. ఇది ఆయనకి కనబడట్లేదు. ఇన్ని ఊళ్ళు నాకు చూపించిన మనిషికి ఇది కనబడట్లేదు.

తిరిగాను.

దోనె ఊగింది. "అమ్మగారూ!" అన్నాడు దుర్గాసాయి గెడని నీళ్ళలో దిగ్గొట్టి. ఆయన కెమెరా ఎడమకంటి దగ్గరే ఉంది. దించలేదు.

"ప్రసన్నా, ఏమిటిది? తిరగొద్దని..."

"ఏవండీ, ఆ చివర కొంగ ఏ రంగులో ఉంది?"

"వెలుతురు పోతోంది, ఇప్పుడా?"

"కెమెరా వద్దు. ఎడమకన్ను చేత్తో మూసుకుని చెప్పండి."

దుర్గాసాయి ఏదో అర్థమైనట్టు అటువైపు తిరిగి కూర్చుని బీడీ వెతుక్కున్నాడు. ఆయన కెమెరాని ఒళ్ళో పెట్టుకున్నారు. ఎడమకన్ను మూశారు. తర్వాత అది తెరిచి కుడికన్ను మూశారు. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. చిన్నపిల్లలు చందమామని గెంతించినట్టు.

"ఇటు చూస్తే వెన్న," అన్నారు చివరికి. "అటు చూస్తే కొంగ."

"ఎప్పటినుంచి?"

"నువ్వు కనిపెడతావని తెలుసు. వీపు పెట్టి నిలబడితే కనిపెట్టలేవనుకున్నాను." నవ్వబోయారు, సగంలో ఆగిపోయింది. "శుక్లమే అయితే ఫరవాలేదు. వేరేదైతే? డాక్టరు చెప్పేదాకా అది శుక్లమే కదా, అందుకని వెళ్ళలేదు."

ఆ లెక్క నాకు తెలుసు. ఇంట్లో పాలు విరిగాయని అనుమానమొస్తే నేనూ మూత తీయను కాసేపు. దగ్గరికి వెళ్ళి దోనె మధ్య చెక్క మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరి నీడలూ ఆకుల మీద పక్కపక్కన పడ్డాయి. ఆయన ఒళ్ళో ఉన్న కెమెరా వెనక తెర మీద, ఇవాళ తీసినవి ఒక్కొక్కటే చూపించమన్నాను. నేను వేలితో చూపించిన చోటల్లా ఆయన ఆగారు. "ఇది తెలుపు," అన్నాను. "దీని రంగు ముట్టుకోకండి." "నిజంగా? నాకు పచ్చగా..." "తెలుపండీ." సరే అన్నారు. ఇన్నేళ్ళలో తెలుపు విషయంలో ఆయన నాతో సరే అనడం అదే మొదలు. వెలుతురు పోయింది. కొంగలు ఎగిరాయి, వాటి కాళ్ళు నీళ్ళకి తగిలి గీతలు గీశాయి, ఎవరి చెరువో ఎవరి సరస్సో చూడకుండా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తయ్య ప్రార్థన చేసింది. చేపల పులుసు, పప్పు, వేడన్నం. రూబీ కంచం ముందు కూర్చోగానే, "అప్పడాల్లేవా అమ్మా?" అంది, వాళ్ళ నాన్న వంక ఓరగా చూస్తూ. ఆయన లేచారు. పక్కగదిలోకి వెళ్ళి, డబ్బా మూత తీసి, లెన్సుని మామూలు సంచిలో పెట్టి, పొట్లాలు పారబోసి, డబ్బా కడిగి తుడిచి తెచ్చి వంటింటి గట్టు మీద నా ముందు పెట్టారు. అత్తయ్య నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అమ్మా, నీ కళ్ళు చూసిన డాక్టరుగారు సోమవారం ఉంటారా?"

"నా కళ్ళకేమైందిరా? సూదిలో దారం ఎక్కిస్తున్నాను."

"నీకు కాదు. నాకు." కంచంలో అన్నం వంక చూస్తూ ఒక కన్ను మూసి తెరిచారు. "పొద్దున చొక్కా తెల్లగానే ఉంది. ఏ రోగమైనా సరే, సోమవారం వెళ్తున్నాను. ఇవాళ్టి ఫోటోలు తెలుపు ఎక్కడో ప్రసన్న చెప్తుంది, అలాగే పంపుతాను. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకపోతే లేదు."

రూబీ నా వంక చూసింది. అత్తయ్య ముద్ద మింగి, కొడుకు గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి కంట్లోకి చూసింది. "ఈ మాట చెప్పడానికి పొద్దున్నే ఆ పిల్ల నీలిమందు మీద పడ్డావా," అంది, మెల్లగా.

నేనూ ఒక మాట చెప్పాలని దోనెలోనే అనుకున్నాను. పులుసు గరిటె గిన్నెలో పెట్టి చెప్పాను. "నేనింక ముందు నిలబడనండీ. మీ పక్కన కూర్చుంటాను. అక్కణ్ణించే నాకు కొంగలు బాగా కనబడ్డాయి."

"అయితే ఫోటోలో మనిషో?" అన్నారాయన. "అంత సరస్సుకి ఒక మనిషి కావాలి కదా."

"అత్తయ్య ఉన్నారు."

"నా వీపా!" అంది అత్తయ్య. జాకెట్టు సర్దుకుని, "ఏ రంగు చీర కట్టుకోమంటావురా?" అంది కొడుకుని.

ఆయన తలెత్తి నా వైపు చూశారు. "దాన్నడుగు," అన్నారు.